పోలీసుల దగ్గర ఒప్పుకుంటే నేరం రుజువైనట్టేనా?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, చదువు ప్రాముఖ్యత గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాం. అవి ప్రతి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, మాకంటే బాగా రాస్తున్నారు. ఇప్పుడు న్యాయశాస్త్రంలో పీజీ చేస్తున్నాం కనుక, మా వంతుగా మా సబ్జెక్టులోనుంచే ఒక సంగతి చెప్పడం మేలనిపించింది. ఇది పరీక్ష కోసం రాసింది కాదు. మా ఊళ్ళో జరిగిన ఒక విషయం చాలా ఏళ్ళు మమ్మల్ని వదల్లేదు, అందుకని రాస్తున్నాం.

మేము ఈ హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతుండగా దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాం. అప్పుడే మా ఊరి పొలాల్లో ఒక హత్య జరిగింది. రెండో రోజు మాకు మావయ్య వరసయ్యే ఒక కూలీని పోలీసులు తీసుకెళ్ళారు. నాలుగో రోజు పేపర్లో జిల్లా పేజీలో ఫోటో పడింది. ముఖానికి నల్ల ముసుగు, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య నిలబెట్టారు, ముందు బల్ల మీద గొడ్డలి. పైన పెద్ద అక్షరాలతో నిందితుడు నేరం అంగీకరించాడని రాశారు. ముసుగు వేసినా మా ఊరివాళ్ళందరికీ ఆ చొక్కా తెలుసు.

మా నాన్న పేపరు మడిచి, "పోలీసుల దగ్గర ఒప్పుకున్నాక ఇంకేముందిరా, ఉరో, యావజ్జీవమో" అన్నాడు. మేమూ అదే నమ్మాం. అత్తయ్య కూడా అదే నమ్మింది. ఒప్పుకున్న మనిషికి వకీలు ఎందుకని మొదటి మూడు నెలలు ఎవరినీ పెట్టలేదు. బెయిలు వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. తర్వాత మూడేళ్ళకు సెషన్స్ కోర్టు ఆయన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. ఊళ్ళో ఎవరూ సంతోషపడలేదు. "ఒప్పుకున్నోణ్ణి వదిలేశారంటే ఎంత ఖర్చు పెట్టాడో" అన్నారు. మేకలమ్మి, పుస్తెలమ్మి వకీలు ఫీజు కట్టిన మనిషి గురించి అన్న మాట అది.

మరి ఒప్పుకున్న మనిషిని కోర్టు ఎలా వదిలింది? లా చదువులో సాక్ష్య చట్టం క్లాసులో కూర్చునేదాకా మాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు.

జవాబు చాలా చిన్నది. పోలీసు అధికారి దగ్గర చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద సాక్ష్యంగా వాడడానికి వీల్లేదు. కొట్టి చెప్పించినా, టీ ఇప్పించి మర్యాదగా అడిగితే చెప్పినా, తనంతట తనే నడిచొచ్చి చెప్పినా ఒకటే. ఇది 1872 నాటి భారత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులో ఇది 23వ సెక్షన్ మొదటి భాగం. నంబరు మారింది కానీ సూత్రం మారలేదు. ఆ తేదీకి ముందే మొదలై ఇంకా నడుస్తున్న కేసుల్లో పాత చట్టాన్నే చూస్తారు.

దాని పక్కనే ఇంకో గోడ కూడా ఉంది. పోలీసు కస్టడీలో ఉన్న మనిషి పోలీసుతో కాక ఇంకొకరితో, అంటే కలవడానికొచ్చిన బంధువుతోనో, విలేకరితోనో ఒప్పుకున్నా అది చెల్లదు. ఆ సమయంలో మేజిస్ట్రేటు ఎదురుగా ఉంటే తప్ప. పాత చట్టంలో ఇది 26వ సెక్షన్. స్టేషన్లో టీవీ కెమెరా ముందు నిలబెట్టి "చెప్పరా" అంటే చెప్పిన మాటలు వార్తల్లో రాత్రంతా తిరగొచ్చు గానీ, కోర్టులో వాటికి విలువ లేదు.

ఇలాంటి నియమం ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే మన ప్రాంతం దాకా రావాలి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ శిస్తు వసూలుకీ, నేరం ఒప్పించడానికీ కింది ఉద్యోగులు మనుషుల్ని హింసిస్తున్నారన్న ఆరోపణలు లండన్ పార్లమెంటు దాకా వెళ్ళాయి. దాంతో ఒక కమిషన్ వేశారు. 1855లో ఆ కమిషన్ నివేదిక ఇచ్చింది. చేతివేళ్ళను రెండు కర్రల మధ్య పెట్టి నొక్కడం, మనిషిని వంగదీసి తాడుతో కట్టి ఎండలో గంటల తరబడి ఉంచడం వంటివి అందులో ఉన్నాయి. శిస్తు కట్టలేని రైతుకూ, దొంగతనం మోపిన కూలీకీ ఒకే శిక్ష అన్నమాట. ఆ తర్వాత 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పోలీసుల దగ్గరి ఒప్పుకోలు చెల్లదన్న నియమం పెట్టారు. సాక్ష్య చట్టం రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ 1872లో దాన్ని తన చట్టంలోకి తీసుకున్నాడు. ఎండలో తిరిగి ఆధారాలు వెతకడం కంటే నీడలో కూర్చుని దొరికినవాడి కళ్ళలో కారం కొట్టడం సులువు గదా అని ఒక అధికారి తనతో అన్న సంగతి స్టీఫెన్ తర్వాత రాసుకున్నాడు. తెల్లవాళ్ళు మన మీద ప్రేమతో ఈ నియమం పెట్టారని మేము అనుకోవడం లేదు. కానీ వాళ్ళకే నమ్మకం లేని పద్ధతి అది.

ఈ నియమం ఎంత దూరం వెళ్తుందో చెప్పే కేసు ఒకటుంది. సీనియర్లకు తెలిసే ఉంటుంది, అఘ్నూ నగేసియా కేసు. 1963 ఆగస్టులో అప్పటి బీహార్ రాష్ట్రం రాంచీ జిల్లాలో ఒక మనిషి పోలీస్ స్టేషన్‌కి నడిచొచ్చి, మేనత్తో పిన్నో అయ్యే బంధువునూ, ఆమె కుటుంబంలో మరి ముగ్గురినీ చంపానని చెప్పాడు. ఎందుకు చంపాడో, ఎలా చంపాడో, శవాలు ఎక్కడున్నాయో, గొడ్డలి ఎక్కడ దాచాడో అన్నీ చెప్పాడు. ఎవరూ కొట్టలేదు. అదే ఎఫ్ఐఆర్‌గా నమోదైంది. శవాలు దొరికాయి, గొడ్డలి దొరికింది. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖరారు చేసింది. సుప్రీంకోర్టు 1965లో ఆయన్ని విడిచిపెట్టింది.

కోర్టు చెప్పింది ఇదీ. ఎఫ్ఐఆర్ అని పేరు పెట్టినా అది పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారమే. "నేను చంపాను" అన్న ఒక్క వాక్యం తీసేసి, పగ ఎందుకు కలిగింది, ఎప్పుడు బయల్దేరాను అన్న మిగతా వాక్యాలు ఉంచుకుందామంటే కుదరదు. ఒప్పుకోలు మొత్తం ఒకే ముక్క. గొడ్డలి, శవాలు ఉన్న చోటు చెప్పిన భాగం మాత్రం మిగులుతుంది. ఆ ఒక్కదానితో హత్య రుజువు కాదు.

క్లాసులో ఈ కేసు చదివిన రోజు మాలో సగంమందికి కోపం వచ్చింది. నలుగురు చనిపోయారు కదా, వాళ్ళ మాటేమిటి అని గట్టిగా వాదించుకున్నాం. ఇప్పటికీ ఆ కోపం పూర్తిగా పోయిందని చెప్పలేం. కాకపోతే ఒకటి గమనించండి. చట్టం పోలీసుల్ని ప్రశ్నించవద్దనలేదు. నిందితుడు చెప్పింది పట్టుకుని వెళ్ళి సాక్షుల్ని వెతకొచ్చు, నెత్తురు మరకలు పరీక్షకు పంపొచ్చు, ఇప్పుడైతే ఫోన్ టవర్లూ సీసీ కెమెరాలూ డీఎన్ఏ కూడా ఉన్నాయి. వాంగ్మూలం దారి చూపిస్తుంది, గమ్యం కాదు. ఆ దారిన నడవకుండా కూర్చుంటే కేసు కూలిపోతుంది, ఆ తప్పు సెక్షన్‌ది కాదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఆచరణలో హత్య కేసులు చాలా వరకు దీనిమీదే నడుస్తాయి. పాత చట్టంలో 27వ సెక్షన్, కొత్త చట్టంలో 23వ సెక్షన్‌కు మినహాయింపుగా ఉంది. కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన సమాచారం వల్ల ఒక విషయం కొత్తగా బయటపడితే, ఆ బయటపడిన దానికి నేరుగా సంబంధించిన మాటల్ని మాత్రం సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఆ మాటలు ఒప్పుకోలు అయినా సరే.

ఎంతవరకు తీసుకోవాలి? దేశంలో ఏ కోర్టులో ఈ ప్రశ్న వచ్చినా ఇప్పటికీ ముందు చెప్పే పేరు మన తెలుగు పేరే. పులుకూరి కోటయ్య. గుంటూరు ప్రాంతంలో రెండు పార్టీల తగాదాలో ఒక సాయంత్రం చెరువు దగ్గర కాపు కాసి కొందరిని కొట్టి చంపారన్న కేసు అది. మద్రాసు హైకోర్టు దాటి లండన్లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1946 డిసెంబరులో తీర్పు వచ్చింది, లా పుస్తకాల్లో 1947 అని ఉంటుంది. నిందితుల్లో ఒకడు పోలీసులకు చెప్పిన మాటల్లో అన్నీ ఉన్నాయి. అందరం కలిసి కొట్టి చంపాం, ఫలానావాడు బల్లెం నాకిచ్చాడు, దాన్నీ నా కర్రనూ ఫలానావాళ్ళ వామిలో దాచాను, వస్తే చూపిస్తాను, ఇదంతా కోటయ్య చెయ్యమంటే చేశాం అని. వామిలో బల్లెం దొరికింది. కాబట్టి మొత్తం వాంగ్మూలం చెల్లుతుందని ప్రభుత్వం తరఫు వాదన.

ప్రివీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. దాచాను, చూపిస్తాను అన్నంత వరకే చెల్లుతుందంది. కొట్టి చంపామన్నదీ, ఎవరు చెయ్యమన్నారన్నదీ చెల్లవు. ఎందుకు? బయటపడిన విషయం ఏమిటో చూడండి. బల్లెం అనే వస్తువు లోకంలో ఉందని కొత్తగా కనిపెట్టలేదు. బయటపడింది ఆ బల్లెం వామిలో దాగి ఉందన్న సంగతీ, అది అక్కడుందని ఈ మనిషికి తెలుసన్న సంగతీ. అంతే. ఆ బల్లెంతో ఎవరినైనా పొడిచారా అన్నది వామిలో దొరకదు. దానికి వేరే సాక్ష్యం కావాలి.

మేము దీన్ని తమ్ముళ్ళకు ఇలా చెబుతుంటాం. హాస్టల్లో ఒకరి ట్రంకు పెట్టె పోయింది. దొరికిన కుర్రాడు "నేనే దొంగతనం చేశాను, పెట్టె వంటగది వెనక కట్టెల కింద పెట్టాను" అన్నాడు. కట్టెల కింద పెట్టె దొరికింది. పెట్టె కట్టెల కింద ఉందని వాడికి తెలుసు, ఇంతవరకే రుజువు. వాడే పెట్టాడా, ఇంకెవరో పెడుతుంటే చూశాడా, పెట్టినవాడు చెబితే విన్నాడా అన్నది ఇంకా తేలలేదు. హత్య కేసులో ఈ తేడా మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఇంకా కొన్ని మెలికలున్నాయి. వస్తువు ఎక్కడుందో పోలీసులకు ముందే తెలిసుంటే దాన్ని బయటపడడం అనరు. అందరూ తిరిగే బహిరంగ ప్రదేశంలో పైకి కనిపిస్తూ దొరికితే దానికి బలం తక్కువ. దొరికిన గొడ్డలి మీద నెత్తురు మనిషిదేనని ల్యాబ్ చెప్పాలి, చనిపోయినవాళ్ళ గాయాలకు సరిపోవాలి. నిందితుడు సరిగ్గా ఏ మాటలు చెప్పాడో అవే పంచనామాలో ఉండాలి, దర్యాప్తు అధికారి కోర్టులో ఆ మాటలే చెప్పాలి. ఊరికే "నిందితుడు చూపించగా స్వాధీనం చేసుకున్నాం" అంటే చాలదని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కొత్త నాగరిక సురక్ష సంహితలో అయితే సోదా, స్వాధీనం వీడియో తీయాలని కూడా ఉంది.

ఈ 27వ సెక్షన్ ఉండొచ్చా అన్న ప్రశ్న కూడా ఒకసారి వచ్చింది. కస్టడీలో ఉన్నవాడికి ఒక న్యాయం, బయట ఉన్నవాడికి ఒక న్యాయమా, ఇది సమానత్వానికి విరుద్ధం కాదా అని. అలహాబాదు హైకోర్టు విరుద్ధమేనంది. 1960లో దేవ్‌మన్ ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ జడ్జీలు సెక్షన్‌ని నిలబెట్టారు. ఒప్పుకోకుండా విడిగా తీర్పు రాసిన జడ్జి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. చెల్లిందేమో మెజారిటీ మాటే. అయినా ఒక స్టేషన్ గదిలో మనిషి చేత ఏదో ఒకటి "చూపించమని" అడగడానికి ఈ సెక్షన్ ఎంత ఆశ పెడుతుందో చూస్తే, సుబ్బారావు గారి అనుమానం మాకు సబబుగానే కనిపిస్తుంది.

మరి నిజంగా తప్పు చేసి పశ్చాత్తాపంతో ఒప్పుకోవాలనుకునేవాడు ఏం చెయ్యాలి? మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 164, కొత్త సంహితలో 183. పద్ధతి చాలా జాగ్రత్తగా పెట్టారు. నువ్వు ఒప్పుకోనవసరం లేదు, ఒప్పుకుంటే అది నీ మీదే సాక్ష్యం అవుతుంది అని మేజిస్ట్రేటు ముందు చెప్పాలి. ఇష్టపూర్వకంగానే చెబుతున్నాడని తనకు నమ్మకం కలగాలి. ఆలోచించుకోవడానికి కనీసం 24 గంటలు ఇవ్వడం మంచిదని 1957లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిటికంటే ముఖ్యమైనది, మేజిస్ట్రేటు ముందుకు వచ్చాక "నేను చెప్పను" అంటే ఆ మనిషిని మళ్ళీ పోలీసు కస్టడీకి పంపకూడదు. ఈ ఒక్క వాక్యం రాసినవాళ్ళకు స్టేషన్ గదుల గురించి బాగా తెలుసనిపిస్తుంది.

పోలీసులు కాని బయటివాళ్ళతో, అంటే స్నేహితుడితోనో, ఊరి పెద్దతోనో, కస్టడీలో లేనప్పుడు ఒప్పుకుంటే అది చెల్లుతుంది. కానీ బలహీనమైన సాక్ష్యంగానే చూస్తారు. మన వైపు హత్య కేసుల్లో నిందితుడు ముందు వీఆర్వో దగ్గరికి వెళ్ళి అంతా చెప్పుకున్నాడని, వీఆర్వో అతన్ని స్టేషన్‌కి తీసుకొచ్చాడని చార్జిషీట్లలో తరచుగా కనిపిస్తుంది. ముఖపరిచయం కూడా లేని అధికారి దగ్గరికి వెళ్ళి ఎవరైనా హత్య చేశానని ఎందుకు చెప్పుకుంటారని డిఫెన్సు వకీళ్ళు అడుగుతారు. మాకూ ఆ ప్రశ్న సరైనదే అనిపిస్తుంది. తెలంగాణలో 2020లో వీఆర్వో వ్యవస్థనే రద్దు చేశారు.

పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లేలా చేసిన చట్టాలు మన దేశంలో లేకపోలేదు. 1987 నాటి టాడాలో ఎస్పీ స్థాయి అధికారి రాసుకున్న ఒప్పుకోలు సాక్ష్యమే. 1994లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1995లో టాడా పోయింది. 2002లో వచ్చిన పోటాలోనూ అదే ఏర్పాటు, అదీ 2004లో రద్దయింది. మహారాష్ట్ర వ్యవస్థీకృత నేరాల చట్టంలో ఇప్పటికీ ఉంది. ఆ ఏర్పాటు ఏం చెయ్యగలదో రాజీవ్ గాంధీ హత్య కేసు చూస్తే తెలుస్తుంది. 1998లో టాడా కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999లో సుప్రీంకోర్టు 19 మందిని వదిలేసి, మిగతా ఏడుగురిలో నలుగురి ఉరిశిక్షలు నిలబెట్టి, ముగ్గురి శిక్షలను యావజ్జీవంగా మార్చింది. వాటికి ముఖ్య ఆధారం సీబీఐ అధికారి రాసుకున్న ఒప్పుకోళ్ళు. ఆ ఏడుగురిలో పేరరివాళన్ ఒకరు. అరెస్టయ్యేనాటికి ఆయనకు 19 ఏళ్ళు, అంటే మన హాస్టల్ నుంచి డిగ్రీకి వెళ్ళే తమ్ముళ్ళ వయసు. బాంబుకు వాడిన 9 వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడని అభియోగం. ఆయన వాంగ్మూలం రాసుకున్న అధికారే రిటైరయ్యాక 2013లో బయటికొచ్చి, ఆ బ్యాటరీలు దేనికో తనకు తెలియదని కుర్రాడు చెప్పిన మాటను తాను రాయలేదని చెప్పారు. ఒక్క వాక్యం. ఆయన 2022 మేలో సుప్రీంకోర్టు ఆదేశంతో విడుదలయ్యారు. అప్పటికి అరెస్టయి 30 ఏళ్ళు దాటింది.

అధికారి చెడ్డవాడు కాకపోయినా, కొట్టకపోయినా, రాసే కలం ఆయన చేతిలో ఉంటుంది. మేము ఈ విషయం గురించి చదివినవాటన్నిటిలో మా మనసుకు పట్టినది ఇదే.

మాదకద్రవ్యాల కేసుల్లో కూడా చాలా ఏళ్ళు ఇలాగే అధికారుల ముందు ఇచ్చిన వాంగ్మూలాలతో శిక్షలు పడ్డాయి. 2020లో తూఫాన్ సింగ్ కేసులో ఆ అధికారులు కూడా పోలీసు అధికారులే, వాళ్ళ ముందు ఒప్పుకోలు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. ఇష్టం లేకుండా నార్కో పరీక్ష చెయ్యకూడదని 2010లో సెల్వి కేసులో చెప్పింది. ఈ రెండూ వివరంగా రాస్తే సంచికలో కవితలకు చోటుండదు.

హాస్టల్ తమ్ముళ్ళు ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పాలి. ఒకటి, "సంతకం పెట్టమంటే?" దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాటలు రాసుకున్నా, వాటి మీద చెప్పినవాడి సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. పాత కోడ్‌లో 162, కొత్త సంహితలో 181. తెల్ల కాగితం మీద అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. అరెస్టు మెమో మీద సంతకం వేరే విషయం, అది అడుగుతారు, అందులో తేదీ, సమయం ఉంటాయి, చదివి పెట్టండి. రెండు, "వాడు నీ పేరు చెప్పాడు అంటే?" ఒక నిందితుడు పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు అతని మీదే చెల్లనప్పుడు, అందులో వచ్చిన ఇంకొకరి పేరు మీద ఎలా చెల్లుతుంది? పేరు వచ్చిందని అరెస్టు చెయ్యొచ్చేమో గానీ, దానితో శిక్ష వెయ్యలేరు.

పోలీసులు అడిగితే మీ పేరూ ఊరూ చెప్పండి, దాచొద్దు. కానీ మీకు నేరం అంటగట్టే ప్రశ్నకు జవాబివ్వకుండా ఉండే హక్కు రాజ్యాంగం 20వ అధికరణంలో ఉంది. అది కోర్టులోనే కాదు, పోలీసు విచారణలో కూడా వర్తిస్తుందని 1978లో నందినీ సత్పతీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ చెప్పారు. వేలిముద్రలు ఇవ్వనంటే మాత్రం కుదరదు, అది 1961లోనే తేలిపోయింది. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. విచారణ సమయంలో మీ వకీలును కలుసుకోవచ్చు, విచారణ జరిగినంతసేపూ ఆయన పక్కనే ఉండడానికి మాత్రం వీల్లేదు. మేజిస్ట్రేటు "కొట్టారా" అని అడిగితే ఆ ఒక్క నిమిషంలో నిజం చెప్పాలి, పక్కన ఎవరున్నా సరే.

వకీలును పెట్టుకునే స్తోమత లేదంటారా? 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. స్త్రీలకూ, పిల్లలకూ, కస్టడీలో ఉన్న ఎవరికైనా కూడా. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఆ సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. దీన్ని మెస్సు గోడ మీద మెనూ పక్కన రాయించమని వార్డెన్ గారిని ఇప్పటికే అడిగాం, సున్నం వేశాక రాయిస్తామన్నారు.

మనలాంటి వాళ్ళకు ఇది ఎందుకు అవసరమో వేరే చెప్పాలా? 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఒక లేడీస్ హాస్టల్లో బీఫార్మసీ చదువుతున్న అమ్మాయి హత్యకు గురైంది. మరుసటి ఏడాది ఒక పేద దళిత యువకుణ్ణి అరెస్టు చేసి ఇతనే హంతకుడన్నారు. 2010లో యావజ్జీవ శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. చంపింది అతనే అని పేపర్లో చదివి నమ్మిన లక్షల మందిలో మేమూ ఉండేవాళ్ళమే, కాకపోతే అప్పటికి మాకు చదవడం రాదు. ఆ అమ్మాయి తల్లి మాత్రం మొదటినుంచీ నమ్మలేదు.

పోయిన వేసవిలో మా ఊరి కేసు తీర్పు కాపీని ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో వెతికి తీశాం. 19 పేజీలు. పేపర్లో అంత పెద్దగా వేసిన నేరాంగీకారం గురించి అందులో ఉన్నది మూడు లైన్లే, ఆ భాగం చెల్లదు కాబట్టి పరిశీలించడం లేదని. గొడ్డలి గురించి నాలుగు పేజీలుంది. కాలవ గట్టు మీద తుమ్మ చెట్ల దగ్గర దొరికిందని పోలీసులు చెప్పారు. పంచనామా మీద సంతకం చేసిన మధ్యవర్తుల్లో ఒకరు, తాను కాలవ దగ్గరికి వెళ్ళలేదని, స్టేషన్లోనే సంతకం పెట్టానని కోర్టులో చెప్పాడు. రెండో మధ్యవర్తి చెప్పిన చోటుకీ అధికారి చెప్పిన చోటుకీ అర కిలోమీటరు తేడా వచ్చింది. గొడ్డలి మీద నెత్తురు ఉందని ల్యాబ్ చెప్పింది గానీ, అది ఎవరిదో తేల్చలేకపోయింది. చూసిన సాక్షి లేడు. జడ్జి గారు ఇంకేం చెయ్యగలరు?

ఆ పేజీలు ప్రింటు తీయించి మావయ్యకు తీసుకెళ్ళి చదివి వినిపించాం. ఆయనకు చదువు రాదు. తన కేసులో ఏం రాశారో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదట. మూడు లైన్ల దగ్గర మళ్ళీ చదవమన్నాడు. చదివాం. "మరి ఇది పేపర్లో ఎయ్యలేదేం?" అని అడిగాడు. పక్కన మా నాన్న కూడా ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లేచి, "రేపు మన చేలో కలుపుంది, వస్తావా బావా" అన్నాడు. పదేళ్ళలో ఆయన్ని మా నాన్న పనికి పిలవడం అదే మొదటిసారి.